విరిగిన ఎముక, ఆగిన ఊపిరి

మా చిన్నాయన కల్లు దొరకక చనిపోయాడన్నది మా ఇంట్లో దాదాపు నలభై ఏళ్ళుగా చెలామణీలో ఉన్న మాట. తాడిచెట్టు మీది నుంచి పడి తొడ విరగ్గొట్టుకున్న మనిషి, పడ్డందుకు కాక, ఆసుపత్రిలో చుక్క కల్లు లేక వణికి, మతి చలించి, మూడో రోజు పోయాడని ఊరంతా అనుకుంది. మేమూ అనుకున్నాం. గీత వృత్తి చేసేవాడికి అంతకంటే నామోషీ అయిన చావు లేదు. మా చిన్నమ్మ ఆ మాటను పెళ్ళిళ్ళలోనూ పంచాయతీల్లోనూ వింటూనే ముసలిదైంది.

ఆ మాట నిజం కాదేమోనన్న అనుమానం నాకు చాలా ఆలస్యంగా కలిగింది. ఆ అనుమానం వెంట పోయి చదువుకున్నదే ఈ టపా. నేను వైద్యుణ్ణి కాను. చరిత్ర చదివే అలవాటు మాత్రం ఉంది. ఒక జబ్బును మనుషులు గుర్తుపట్టడానికి ఎంత కాలం పట్టిందో, గుర్తుపట్టిన తరువాత కూడా ఎందుకు చేజారిపోతుందో చెప్పడమే నా ఉద్దేశం.

ముందు జరిగింది చెప్తాను. 1986 వేసవి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో, పెద్దపల్లి వైపు మా ఊరు. తెల్లవారుజామున తాటివనంలోకి పోయిన చిన్నాయన లొట్టి దింపుతూ జారి పడ్డాడు. మోకు తెగలేదు, ముస్తాదు ఊడలేదు, కాలే జారింది. కుడి తొడ మధ్యలో విరిగి వంకర పోయింది. తల పగల్లేదు, తెలివి తప్పలేదు. మంచం మీద మోసుకొస్తుంటే "లొట్టి పగిలిందా?" అని అడిగాడట. ఊళ్ళో కట్టు కట్టే ముసలాయన కాలు గుంజి సరిచేసి, వెదురుదబ్బలు పెట్టి, కోడిగుడ్డు సొన పట్టించి గుడ్డ చుట్టాడు. ఆ రాత్రి చిన్నాయన అన్నం తిన్నాడు, చుట్ట కాల్చాడు. నొప్పి తగ్గడం లేదని మరునాడు ఉదయం ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి పట్నం తీసుకుపోయారు. ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు. అక్కడ కాలికి బరువు కట్టారు. మంచం చివర కప్పీ మీదుగా తాడు, తాడుకు ఇటుకలు. ఆ రోజుల్లో ఆసుపత్రులు చూసినవాళ్ళకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది.

రెండో రోజు సాయంత్రం నుంచి ఆయన మాట మారింది. ఎక్కడున్నాడో తెలియలేదు, మా నాయనను గుర్తుపట్టలేదు. కట్టు పీక్కోబోయాడు. ఒళ్ళు కాలుతోంది, ఊపిరి పరుగెత్తి వచ్చినవాడిలా ఆడుతోంది. ఏం పని చేస్తాడని వైద్యుడు అడిగితే కల్లు గీస్తాడని చెప్పారు. అలవాటు ఒక్కసారిగా ఆగితే ఇలాగే అవుతుందని చెప్పి, చేతులు మంచానికి కట్టి, నిద్రసూది ఇచ్చారు. మూడో రోజు పొద్దున మా నాయనమ్మ తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ చంకల దగ్గరా మెడ కిందా ఎర్రటి చుక్కలు చూసింది. "అమ్మ పోసింది" అని దండం పెట్టుకుని వేపమండ తెచ్చి తలాపున పెట్టింది. ఆ చుక్కల సంగతి ఎవరూ వైద్యుడికి చెప్పలేదు. ఆ రాత్రే ఆయన పోయాడు.

ఇంతకీ ఆ చుక్కలే ఈ కథకు తాళంచెవి.

*

మాంసం తినే ఇళ్ళలో మూలుగ అన్న మాట తెలియనివాళ్ళుండరు. నల్లిబొక్కను నోట పెట్టుకుని పీల్చితే వచ్చేది అదే. పల్లెంలో చల్లారితే తెల్లగా పేరుకుపోతుంది, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం కొవ్వే. పెద్దవాళ్ళ తొడ ఎముక నడిమి గొట్టంలోనూ ఇలాంటి పచ్చని మూలుగే ఉంటుంది. ఎముక విరిగితే గొట్టం పగులుతుంది, లోపలి సన్నని సిరలూ తెగుతాయి. అవి మెత్తని నరాల్లా ముడుచుకుపోవు. ఎముకకు అంటుకుని నోళ్ళు తెరుచుకునే ఉంటాయి. లోపల పేరుకున్న నెత్తుటి ఒత్తిడికి కరిగిన కొవ్వు బొట్లు బొట్లుగా ఆ నోళ్ళలోకి దూరుతుంది. సిరల దారిన గుండె కుడివైపుకు, అక్కడినుంచి ఊపిరితిత్తులకు చేరుతుంది. ఊపిరితిత్తుల్లోని రక్తకేశనాళికలు వెంట్రుక కంటే సన్ననివి. కొవ్వు బొట్లు అక్కడ ఇరుక్కుంటాయి. కొన్ని ఎలాగో దాటి మెదడుకూ కంటికీ చర్మానికీ పోతాయి.

దీన్ని వైద్యులు ఫ్యాట్ ఎంబాలిజం అంటారు. నాళంలో కొట్టుకొచ్చి అడ్డుపడిన దానికి ఎంబాలిజం అన్న అర్థాన్ని 1840లలో స్థిరపరచినవాడు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. హిందీ పరిభాషలో దానికి అంతఃశల్యత అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి కాసేపు ఆగిపోయాను. శల్యమంటే ఆయుర్వేదంలో ఒంట్లో దిగబడి బాధించే ముల్లు, బాణపు మొన. ఆ ముల్లును తీసే విద్య శల్యతంత్రం. మన తెలుగులో శల్యమంటే ఎముక కూడా. బొమికల గూడైనవాణ్ణి శల్యావశిష్టుడంటాం. ఎముక లోపలి సరుకే లోపలి ముల్లుగా మారే ఈ జబ్బుకు రెండర్థాలూ సరిపోయాయి.

ఒక తేడా మాత్రం ఇక్కడే చెప్పాలి. తొడ ఎముకలాంటి పొడుగాటి ఎముక విరిగిన దాదాపు ప్రతి మనిషి నెత్తుటిలోకీ ఎంతో కొంత కొవ్వు చేరుతుంది. ఎక్కువమందికి అది తెలియకుండానే సర్దుకుంటుంది. జబ్బుగా ముదిరేది కొద్దిమందిలోనే. ఒక్క పొడుగు ఎముక విరిగినవాళ్ళలో నూటికి 1 నుంచి 3 మంది దాకా, రెండు తొడలూ లేక అనేక ఎముకలూ విరిగితే అంతకు ఎన్నో రెట్లు. అలా ముదిరినదాన్నే ఫ్యాట్ ఎంబాలిజం సిండ్రోమ్ అంటారు.

*

మొదట చూసినవాడు తప్పుగా చూశాడు. ఈ జబ్బు చరిత్రలో నాకు నచ్చిన అధ్యాయం అదే.

1861లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఒక రైల్వే కూలీ నలిగి చనిపోయాడు. శవపరీక్ష చేసిన ఫ్రీడ్రిష్ ఆల్బర్ట్ జెంకర్ సామాన్యుడు కాడు. సరిగ్గా ఉడకని పందిమాంసం వల్ల వచ్చే ట్రికినోసిస్ అనే ప్రాణాంతక వ్యాధిని ఆ ముందటేడే బయటపెట్టినవాడు. కూలీ ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని కింద పెడితే కేశనాళికల నిండా కొవ్వు బొట్లు కనబడ్డాయి. 1862లో ఆ సంగతి ప్రచురించాడు. అయితే ఆ కూలీ పొట్ట కూడా చిట్లింది. కడుపులోని తిండి తాలూకు కొవ్వు చిరిగిన సిరల గుండా నెత్తుటిలోకి పోయి ఉంటుందని ఆయన ఊహించాడు. కళ్ళు సరిగ్గానే చూశాయి, కారణం మాత్రం తప్పింది. అది ఎముకల్లోంచే వస్తుందనీ, ఎముకలు విరిగినవాళ్ళలో మళ్ళీ మళ్ళీ కనబడుతుందనీ ఆ 1860లలోనే ఎర్నెస్ట్ వాగ్నర్ వరుసగా శవపరీక్షలు చేసి తేల్చాడు.

అప్పటిదాకా అది చచ్చినవాళ్ళలో కనబడే వింతే. బతికి ఉన్న రోగిలో తొలిసారి గుర్తుపట్టినవాడు ఎర్నెస్ట్ ఫాన్ బెర్గ్‌మన్. 1873లో, ఈనాటి ఎస్టోనియాలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న రోజుల్లో, ఇంటి కప్పు మీది నుంచి పడి తొడ విరిగిన ఒక మనిషి ఆయన దగ్గరికి వచ్చాడు. మొదట బాగానే ఉన్నవాడు తరువాత ఊపిరాడక, స్పృహ తప్పి పోయాడు. బెర్గ్‌మన్ తన చదువు రోజుల్లో పిల్లుల సిరల్లోకి కొవ్వు ఎక్కించి ఏమవుతుందో చూసినవాడు. ఆ పిల్లుల తంటా మనిషిలో కనబడేసరికి పోల్చుకున్నాడు. పరిశోధనాలయంలో చూసింది గుర్తుండబట్టే మంచం పక్కన కనబడింది. శస్త్రచికిత్సకు వాడే సరంజామాను ఆవిరితో శుద్ధి చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో తరువాత ఈయనే ముఖ్యుడు.

కప్పు మీది నుంచి పడ్డ ఆ పేరు తెలియని మనిషికీ, తాడిచెట్టు మీది నుంచి పడ్డ మా చిన్నాయనకూ మధ్య నూటపదమూడేళ్ళు. కథ మాత్రం అదే.

*

మరి పడ్డ రోజే ఎందుకు రాదు? చిన్నాయన ఆ రాత్రి అన్నం తిని చుట్ట ఎలా కాల్చాడు?

ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. 1924లో గౌస్ అనే ఆయన చెప్పినది నాళాల్లో అడ్డుపడే కథ, అంటే పైన నేను చెప్పిన కొవ్వు బొట్ల ప్రయాణం. అయితే అడ్డు పడటం ఒక్కటే అయితే లక్షణాలు వెంటనే రావాలి. 1927లో లేమన్, మూర్ అనే ఇద్దరు దీన్ని నెత్తుటిలో జరిగే రసాయన మార్పుగా చూశారు. ఈనాటి అవగాహన రెండింటినీ కలుపుకుంటుంది. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న కొవ్వు అక్కడే విడిపోయి కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అవి సన్నని నాళాల గోడలను కాలుస్తాయి. కాలిన గోడల్లోంచి నీరు ఊరి గాలిగదుల్లోకి చేరుతుంది. ఈ తతంగానికి సమయం కావాలి. అందుకే చాలామందిలో జబ్బు దెబ్బ తగిలిన 24 గంటల నుంచి 72 గంటల లోపు బయటపడుతుంది. బాగున్నట్టు కనబడే ఆ మొదటి రోజు మనను మోసం చేస్తుంది. తల పగిలినవాడైతే చాలాసార్లు మొదటి క్షణం నుంచీ మగతగా ఉంటాడు. ఇక్కడ మనిషి స్పష్టంగా మాట్లాడి, ఆ తరువాత మారిపోతాడు.

దీన్ని పట్టుకునే కొలతలు చాలా కాలం లేవు. 1970లో బెల్‌ఫాస్ట్‌కు చెందిన గర్డ్, 1974లో విల్సన్‌తో కలిసి మళ్ళీ, లక్షణాలను ఒక పట్టికగా కూర్చారు. ఈనాటికీ వైద్య విద్యార్థులు చదివేది దాన్నే. అందులో పెద్ద లక్షణాలు మూడు. ఒకటి, ఊపిరి ఇబ్బంది. రెండు, తలకు దెబ్బ తగలకపోయినా మతి మారడం. మూడు, చంకలు, మెడ, ఛాతీ పైభాగం, కనురెప్పల లోపలి పొర మీద ఆవగింజ కంటే చిన్నవైన ఎర్రని చుక్కలు. వీటికి తోడు చిన్న లక్షణాలు: జ్వరం, వేగంగా కొట్టుకునే నాడి, నెత్తుటిలో ప్లేట్‌లెట్లు తగ్గడం, హీమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోవడం, కంటి వెనక పొరలో మచ్చలు, కళ్ళెలోనో మూత్రంలోనో కొవ్వు బొట్లు.

ఎర్రచుక్కలు అందరికీ రావు. రోగుల్లో సగానికి మించి కనబడవని అంటారు. వచ్చినా కొద్ది రోజుల్లో మాసిపోతాయి. చొక్కా విప్పి, చెయ్యి పైకెత్తి, వెలుతురులో చూస్తేనే కనబడతాయి. కాని ఊపిరి ఇబ్బందికీ మతి మారడానికీ తోడుగా అవి కనబడితే జబ్బు దాదాపు తనపేరు తానే చెప్పినట్టు. కొవ్వు నీటి మీద తేలినట్టు నెత్తుటి మీద తేలుతుంది కనుక పైభాగానికి పోయే ధమనుల్లోకి ఎక్కువగా చేరుతుందనీ, చుక్కలు నడుము పైననే రావడానికి కారణం అదేననీ ఒక ఊహ.

మా నాయనమ్మ ఆ రోజు చూసింది అదే అయివుంటుంది. ఆమె కళ్ళూ జెంకర్ కళ్ళలాగే సరిగ్గా చూశాయి. కారణమే వేరేది అనుకుంది.

ఆ వైద్యుణ్ణి కూడా నేను తప్పుపట్టలేను. అలవాటు ఆగితే రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనబడి, మతి చలించడం నిజమైన జబ్బే. మా ప్రాంతంలో కల్లులో మత్తుమందులు కలిపే దురాచారం వల్ల అది మరీ తీవ్రంగా వస్తుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో ఇలా మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. రెండూ ఒకే సమయానికి, ఒకే వేషంలో వస్తాయి. తేడా తెలిసేది ఊపిరిలో. అలవాటు ఆగినందువల్ల మాత్రమే అయితే నెత్తుటిలో ఆక్సిజన్ పడిపోదు, ప్లేట్‌లెట్లు తరిగిపోవు, చంకల్లో చుక్కలు రావు. "ఏం పని చేస్తాడు?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు ఆ మూడింటినీ వెతకనివ్వలేదు. రోగి కులవృత్తే రోగనిర్ణయమైపోయింది.

*

ఇక వైద్యం సంగతి. దీనికి మందు కోసం వెతికిన చరిత్ర కూడా ఆసక్తికరమే. కొవ్వు కరుగుతుందని సిరలోకి ఆల్కహాలు ఎక్కించారు. నెత్తురు గడ్డకట్టకుండా చేసే హెపారిన్ ఇచ్చారు. డెక్స్‌ట్రాన్ ఇచ్చారు. ఏదీ నిలవలేదు. ఎముక విరిగిన వెంటనే స్టీరాయిడ్లు ఇస్తే జబ్బు రాకుండా ఆగుతుందేమోనని 1980లలో పరీక్షించారు. కొంత మేలున్నట్టు కనబడినా ఆ వాదం ఈనాటికీ తెగలేదు. జబ్బు వచ్చిన తరువాత దాన్ని నయం చేసే మందంటూ ఏదీ లేదు.

మరి రోగులు ఎలా బతుకుతున్నారు? ఊపిరితిత్తులు తమంతట తాము మానేదాకా మనిషిని నిలబెట్టడం వల్ల. ఆక్సిజన్ ఇస్తారు. చాలకపోతే వెంటిలేటరు పెడతారు. రక్తపోటు పడకుండా సెలైను, అవసరమైతే నెత్తురు ఎక్కిస్తారు. 1967లో అమెరికాలోని డెన్వర్ వైద్యులు, వేర్వేరు దెబ్బల తరువాత ఊపిరితిత్తులు నీరుపట్టి గట్టిపడే స్థితిని వర్ణించిన తరువాత వెంటిలేటరు వాడకంలో మెళకువలు పెరిగాయి. ఆ మెళకువలే వీళ్ళకూ ప్రాణం పోశాయి. ఈ రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో నూటికి 5 నుంచి 15 మంది చనిపోతారని లెక్క. అంటే తక్కినవాళ్ళందరూ బతుకుతారు. మతి చలించినవాళ్ళలో ఎక్కువమందికి తిరిగి పూర్తిగా తెలివి వస్తుంది. మెదడుకు ఎంఆర్ఐ తీస్తే నల్లని ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు కనబడుతుందట. ఆ చుక్కలు కూడా చాలామందిలో నెమ్మదిగా ఆరిపోతాయి.

అన్నిటికంటే పెద్ద మార్పు మందులో రాలేదు, ఎముక విషయంలో వచ్చింది. విరిగిన ముక్కలు కదిలిన ప్రతిసారీ మరికొంత కొవ్వు నెత్తుటిలోకి పోతుంది. కనుక ఎంత త్వరగా వాటిని కదలకుండా చేస్తే అంత మంచిది. మొదటి ప్రపంచ యుద్ధంలో రాబర్ట్ జోన్స్ పట్టుబట్టి, తన బంధువైన హ్యూ ఓవెన్ థామస్ రూపొందించిన ఇనుప బద్దను సైనికుల విరిగిన తొడలకు యుద్ధరంగంలోనే కట్టించాడు. తొడ విరిగినవాళ్ళలో 80 శాతం దాకా ఉండేదని చెప్పే మరణాలు 20 శాతానికి దిగివచ్చాయి. అక్కడ ప్రాణాలు నిలిచింది ముఖ్యంగా నెత్తురు పోవడం తగ్గినందుకే. అయినా కదలనివ్వకపోవడమే వైద్యమన్న పాఠం ఆ బద్దలో ఉంది. 1940 ప్రాంతంలో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్‌షర్ ఎముక గొట్టంలోకి ఉక్కు కడ్డీ దించి బిగించే పద్ధతి తెచ్చాడు. అయినా చాలా ఏళ్ళ పాటు, రోగి కొంచెం కోలుకున్నాకే ఆపరేషను చేయాలన్న నమ్మకంతో వారాల తరబడి బరువులు కట్టి పడుకోబెట్టేవారు.

1989లో అమెరికాలోని డాలస్ నుంచి బోన్ అనే వైద్యుడు (ఇంటిపేరే బోన్!), తన తోటివారితో కలిసి 178 మంది రోగుల మీద చేసిన పరిశోధన ప్రచురించాడు. కొందరికి 24 గంటల లోపు, కొందరికి 48 గంటల తరువాత తొడ ఎముక బిగించి చూశారు. దెబ్బలు ఎక్కువ తగిలినవాళ్ళలో, ఆలస్యం చేసినవారికే ఊపిరితిత్తుల చిక్కులు ఎక్కువ వచ్చాయి. "ఆపరేషను తట్టుకోలేనంత నీరసంగా ఉన్నాడు" అన్న మాట "ఆపరేషను ఆపలేనంత ప్రమాదంలో ఉన్నాడు" అన్న మాటగా మారింది. మరీ విషమంగా ఉన్నవాళ్ళకు మొదట బయటి నుంచి కడ్డీలతో తాత్కాలికంగా బిగించి, నిలదొక్కుకున్నాక లోపలి కడ్డీ వేయడం తరువాత వచ్చిన సవరణ. లోపలి కడ్డీ దించేటప్పుడు కూడా గొట్టంలో ఒత్తిడి పెరిగి కొవ్వు బయటికి పోవచ్చు. మోకాలు, తుంటి మార్పిడి ఆపరేషన్లలోనూ ఆ ప్రమాదం కొంత ఉంది. రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ.

చిన్నాయన కాలిని ఊళ్ళో గుంజారు. ఆ తరువాత గుంతల బాటలో ట్రాలీలో తీసుకుపోయారు. ఆ ఇటుకల బరువు అప్పటికి తెలిసిన మంచి వైద్యమే. ఈ పరిశోధన వెలువడేనాటికి ఆయన పోయి మూడేళ్ళు.

*

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు పోతే ఈ కథకు మరో ముఖం ఉంది. అక్కడ ఎముక విరగకుండానే ఈ జబ్బు రావచ్చు.

అక్కడి గోండు, కొలాం తదితర ఆదివాసులలో సికిల్‌సెల్ జన్యువు ఉంది. 1910లో షికాగోలో జేమ్స్ హెరిక్ తొలిసారి వర్ణించిన ఆ వ్యాధిలో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవళ్ళలా వంగిపోతాయి. మన దేశంలో అది ఉందని 1952లో నీలగిరి ఆదివాసుల్లోనూ, అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ తేలింది. వంగిన కణాలు ఎముక లోపలి నాళాలను మూసేస్తే మూలుగ నెత్తురందక చచ్చిపోతుంది. చచ్చిన మూలుగలోని కొవ్వు నెత్తుటిలోకి పోతుంది. అక్కడినుంచి కథ మామూలే: ఊపిరితిత్తులు, మెదడు, చర్మం. ఈ సంబంధాన్ని 1941లోనే అమెరికన్ శవపరీక్షకులు రాసి పెట్టారు. సికిల్‌సెల్ రోగులకు ఛాతీ నొప్పితో, జ్వరంతో ఊపిరాడకపోయే ప్రమాదకర స్థితికి ముఖ్య కారణాల్లో ఈ కొవ్వు ఒకటని 2000లో వెలువడిన పెద్ద పరిశోధన చెప్పింది.

ఇక్కడ గుర్తుపట్టడం ఇంకా కష్టం. పడలేదు, దెబ్బ లేదు. నడుములోనో తొడల్లోనో భరించలేని నొప్పి, జ్వరం. రెండు మూడు రోజులకు ఎగపోత, మగత. మలేరియాకు పేరుపడ్డ అడవి ప్రాంతంలో జ్వరమూ మగతా చూస్తే మెదడుకెక్కిన మలేరియా అనుకోవడమే సహజం. నెత్తురు పరీక్ష ఆ అనుమానాన్ని తీర్చకపోతే, రోగికి సికిల్‌సెల్ ఉందా అన్న ప్రశ్న వెంటనే రావాలి. ఉంటే చేయాల్సిన వైద్యమూ వేరు. రోగి నెత్తురు తీస్తూ మంచి నెత్తురు ఎక్కించే రక్తమార్పిడి ఆలస్యం లేకుండా జరగాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. పరీక్ష చేసి ఇచ్చే కార్డు కేవలం పెళ్ళి సంబంధాలు చూసుకోవడానికి కాదు. ఇలాంటి రాత్రి వైద్యుడి చేతికి అందాల్సిన చీటీ అది.

*

మా రెండు జిల్లాల్లో ఎముకలు విరగడానికి కారణాలకు కొదవ లేదు. తాళ్ళున్నాయి, బొగ్గుబావులున్నాయి, మూలమలుపుల ఘాట్లున్నాయి, రాజీవ్ రహదారి ఉంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ మీద ఆర్టీసీ బస్సు పడినప్పుడు అరవై మందికి పైగా పోయారు.

కాని 1986 నాటి పరిస్థితి ఇప్పుడు లేదు. 2005లో 108 వాహనాలు వచ్చాయి. ఆదిలాబాద్‌లో 2008లో, జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గీత కార్మికుల కోసం 2024లో కాటమయ్య పేరిట రక్షణ కవచాలు పంచడం మొదలైంది. అయినా దూరం దూరమే. చాలామంది రోగుల మొదటి రోజు ఇప్పటికీ ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి పోయే దారిలోనే గడుస్తుంది. ఆ మొదటి రోజే మనకు మిగిలిన గడువు.

అందుచేత నాకు అర్థమైన నాలుగు మాటలు. తొడగాని పిక్క ఎముకగాని విరిగితే గుంజవద్దు, మర్దన చేయవద్దు. రెండు పక్కలా కర్రలు పెట్టి, కదలకుండా కట్టి, కట్టాకే వాహనం ఎక్కించాలి. ఎముక బిగించే ఆపరేషను వీలైనంత త్వరగా ఎక్కడ జరుగుతుందో అక్కడికే నేరుగా పోవాలి. మొదటి మూడు రోజులు రోగి పక్కన కూర్చున్నవాళ్ళు ఊపిరి లెక్కపెట్టాలి. కదలకుండా పడుకున్న మనిషికి నిమిషానికి 20 దాటి పెరుగుతూ పోతుంటే చెప్పాలి. కరోనా కాలంలో ఇంటింటికీ చేరిన వేలికి తగిలించే ఆక్సిమీటరు ఏ సొరుగులో ఉందో వెతికి తెచ్చుకోవాలి. అంకె 94కు దిగువకు జారితే, రోగి మాట తేడాగా వస్తే, చంకల్లో చుక్కలు కనబడితే, "మొన్న ఎముక విరిగింది, ఇది కొవ్వు వల్లనేమో చూడండి" అని అడగడానికి మొహమాటపడకూడదు. గుండె జబ్బులూ నెత్తుటి గడ్డలూ న్యుమోనియా కూడా ఇలాగే ఉండవచ్చు. తేల్చేది వైద్యులే. అయితే మనం చూసింది వాళ్ళకు చెప్పడం మన పని.

నాకు అనుమానం కలిగించినవాడు కరీంనగర్‌లో ఎముకల వైద్యుడైన ఒక మిత్రుడు. ఏదో మాటల్లో చిన్నాయన సంగతి వస్తే, నవ్వుతాడనుకున్నవాడు నవ్వకుండా మూడు ప్రశ్నలడిగాడు. ఏ రోజున మతి మారింది? ఊపిరి ఎలా ఉంది? ఒంటి మీద ఏమైనా చుక్కలు వచ్చాయా? మొదటి రెండింటికి నేను జవాబు చెప్పగలిగాను. మూడోది నాకు తెలియదు. ఆ సెలవుల్లో ఊరికి పోయి చిన్నమ్మను అడిగాను. వేపమండ సంగతి అప్పుడే విన్నాను.

చిన్నాయన ఈ జబ్బుతోనే పోయాడని నేను రుజువు చేయలేను. శవపరీక్ష లేదు, కాగితాలు లేవు. కాని తెలిసిన ఆనవాళ్ళన్నీ అటే చూపిస్తున్నాయి. చిన్నమ్మకు నాకు చేతనైనంతలో చెప్పాను: మూలుగలోని కొవ్వు నెత్తుట్ల కలిసి ఊపిరికి అడ్డం పడిందనీ, కల్లు వల్ల కాకపోవచ్చుననీ. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది:

"గీసెటోడే గని తాగెటోడు గాదని నేను ఎన్నిసార్లు చెప్పిన్రా. ఒక్కలన్న ఇన్నరా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. భర్త తాగడని చెప్పగలిగిన మనిషి మంచం పక్కనే నిలబడి ఉంది.